ఆపరేషన్‌ పట్నంలో సరే... సూది ఊళ్లో ఏదీ?

గుండె కవాటం పాడైతే మార్చడానికి లక్షలు కావాలి. పేదింటికి ఆ లక్షలు సర్కారే కడుతోంది. అసలు కవాటమే పాడవకుండా కాపాడే సూదికి వంద రూపాయలు కూడా కావు. కానీ ఎక్కువమందికి క్రమం తప్పకుండా అందనిది అదే! ఆదిలాబాద్‌ గూడేల్లో, కరీంనగర్‌ బస్తీల్లో గుండెజబ్బు సంగతి తరచి చూస్తే కనిపించే తిరకాసు ఇదే.

తొమ్మిదేళ్ల పిల్లాడికి గొంతు నొప్పి. మింగుడు పడటం లేదంటాడు, ఒళ్లు కాలిపోతుంటుంది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తాడు, మిరియాల కషాయం తాగుతాడు, నాలుగు రోజుల్లో మళ్లీ బడికెళ్తాడు. అందరూ మర్చిపోతారు. రెండు మూడు వారాలు గడిచాక ఓ పొద్దున మోకాలు వాచి లేవలేకపోతాడు. రెండు రోజులకు అది తగ్గి చీలమండ వాస్తుంది. ఆ తర్వాత మోచెయ్యి. 'ఆటల్ల ఏడనో పడ్డట్టున్నడు' అంటుంది తల్లి. 'ఎదిగే పోరడు, నొప్పులు మామూలే' అంటుంది నాయనమ్మ. ఆర్‌ఎంపీ వచ్చి నొప్పి సూది వేస్తాడు. నొప్పి పోతుంది, కీళ్లు ఎప్పటిలాగే అవుతాయి. ఇంకేం భయం లేదనుకుంటారు. కానీ అప్పటికే ఆ జ్వరం గుండె గుమ్మం దాటి ఉండొచ్చు!

దీన్నే రుమాటిక్‌ జ్వరం అంటారు. కీళ్లవాత జ్వరమనీ పిలుస్తారు. కీళ్ల దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి, గుండెలో కాపురం పెట్టే జబ్బు ఇది. మూలం గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్‌ అనే సూక్ష్మజీవి. దాన్ని తరిమికొట్టేందుకు ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆయుధాలు తయారుచేసుకుంటుంది. కొందరు పిల్లల్లో ఆ ఆయుధాలు పోలిక పొరబడి సొంత గుండె మీదకే దూకుతాయి. ఆ దెబ్బ ముఖ్యంగా తగిలేది కవాటాలకు. అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ.

ఫుట్‌వాల్వు పోతే...

కవాటం అంటే ఏమిటో కరీంనగర్‌ రైతుకు విడమర్చి చెప్పక్కర్లేదు. బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు ఏం చేస్తుందో, గుండెలో కవాటమూ అదే చేస్తుంది. పైకి వెళ్లిన నీళ్లు వెనక్కి జారకుండా మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే మోటారు ఎంత తిరిగినా నీళ్లు కిందికే. సరిగా తెరుచుకోకపోతే మోటారు మూలుగుతుంది గానీ పారకం ఉండదు. గుండెలో ఇలాంటివి నాలుగు ఉంటాయి. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. రుమాటిక్‌ జ్వరం ఎక్కువగా దెబ్బతీసేది ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్యనుండే మైట్రల్‌ కవాటాన్ని. పలుచని రెప్పల్లా ఉండాల్సినవి మందమెక్కి, అంచులు అతుక్కుపోయి, తలుపు కాస్తా సందులా మిగులుతుంది.

ఇదంతా ఒక్కరోజులో జరగదు. మళ్లీ మళ్లీ గొంతు నొప్పి, మళ్లీ మళ్లీ జ్వరం... వచ్చిన ప్రతిసారీ కవాటం ఇంకొంత చెడుతుంది. ఏళ్లు గడిచాక చెరువుగట్టు ఎక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే దగ్గు. దగ్గితే ఒక్కోసారి రక్తపు చార. 'టీబీ కావచ్చు' అని ఒకరంటారు, 'ఉబ్బసం' అని మరొకరంటారు, 'రక్తం తక్కువుంది' అని ఇంకొకరు టానిక్‌ రాస్తారు. బీడీలు చుట్టే ఇల్లాలైతే 'పొగాకు ధూళి వల్లనే' అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. గుండె మీద స్టెతస్కోప్‌ పెట్టి నిదానంగా వినేవారు తగిలేసరికి పదేళ్లు గడిచిపోతాయి.

ధనిక దేశాలు వదిలించుకున్న జబ్బు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం రుమాటిక్‌ గుండెజబ్బుతో ఉన్నవారు సుమారు 5.5 కోట్ల మంది. ఏటా దాదాపు 3.6 లక్షల మంది దీనివల్ల చనిపోతున్నారు. ఒకప్పుడు ఐరోపాలో, అమెరికాలోనూ ఇది ఇంటింటి జబ్బే. ఇళ్లు విశాలమయ్యాయి, ఒకే గదిలో పదిమంది పడుకోవడం తగ్గింది, పెన్సిలిన్‌ వచ్చింది. జబ్బు తోక ముడిచింది. కానీ అన్ని ఇళ్లలోంచీ పోలేదు. ఆస్ట్రేలియాలో తెల్లవారి బస్తీల్లో దాదాపు కనిపించని రుమాటిక్‌ జ్వరం అక్కడి ఆదిమవాసుల పిల్లల్ని ఇప్పటికీ పట్టి పీడిస్తోంది. న్యూజిలాండ్‌లో మావోరీ, పసిఫిక్‌ దీవుల పిల్లలదీ అదే పరిస్థితి.

అమెరికాలో కథ మరోలా ఉంటుంది. అక్కడ కవాటజబ్బు ఎక్కువగా వృద్ధులకు వస్తుంది. ఛాతీ కోయకుండా రక్తనాళంలోంచి కొత్త కవాటాన్ని పంపి అమర్చే పద్ధతి కొన్నేళ్లుగా అందుబాటులో ఉంది. 2011 నుంచి 2016 దాకా అక్కడ ఆ చికిత్స పొందినవారి జాబితా తీస్తే నల్లజాతివారు నూటికి నలుగురు కూడా లేరు! జనాభాలో వారి వాటా దానికి మూడింతలు. అంతటి దేశంలోనూ వైద్యం అందరికీ ఒకేలా అందడం లేదు.

మరి మన దగ్గర? 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆదిలాబాద్‌ జిల్లాలో ఉన్న 27 లక్షల మందిలో దాదాపు 5 లక్షల మంది గిరిజనులు. గోండులు, కొలాములు, పర్ధానులు, నాయకపోడులు, తోటీలు, లంబాడాలు... 2016లో ఆ జిల్లా నాలుగైంది. కలెక్టరేట్లు దగ్గరయ్యాయి. కానీ గుట్టల మీది గూడెం నుంచి గుండె డాక్టరు దాకా ఉన్న దూరం జిల్లాలతో పాటు అంతగా తగ్గలేదు. కరీంనగర్‌, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు బస్సులున్నాయి. అయినా ఇరుకు గదుల్లో బతికే బీడీ కార్మికులు, మరమగ్గాల కూలీలు, పాతబస్తీల్లోని ముస్లిం కుటుంబాలకు రోజు కూలి వదులుకుని దవాఖానకు వెళ్లడమంటే చిన్న విషయమేం కాదు. సంఖ్యలో తక్కువ, పలుకుబడిలో ఇంకా తక్కువ అయినవారి చుట్టూనే ఈ జబ్బు తిరుగుతుంది.

కార్డు తెచ్చిన మార్పు

ఒకప్పుడు కవాటం మార్చాలన్నారంటే పేదింట్లో శోకాలే. పొలం అమ్మాలి, లేదంటే చేతులెత్తేయాలి. 2007 ఏప్రిల్‌ 1న మహబూబ్‌నగర్‌, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా వైద్యం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ పరిమితి 10 లక్షలు. కవాటాన్ని బెలూన్‌తో తెరవడం, ఒక కవాటం మార్చడం, రెండూ మార్చడం... అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2005 ఆగస్టు 15న 108 రోడ్డెక్కింది. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్‌ వైద్యకళాశాల వచ్చింది. 2022లో దానికి సూపర్‌ స్పెషాలిటీ భవనమూ తోడైంది.

ఇది చిన్న మార్పు కాదు. డబ్బులేక ఆపరేషన్‌ ఆగిపోవడం అనే పెద్ద గోడ కూలింది. అయితే గోడ కూలాక దాని వెనకున్న గుంతలు కనిపిస్తున్నాయి. ఆపరేషన్‌ అనేది ఒక్క రోజు వ్యవహారం. దానికి ముందు పదేళ్లు, తర్వాత జీవితమంతా ఉంటుంది. కార్డు పట్నంలో జరిగే ఆ ఒక్క రోజును చూసుకుంటుంది. ఆపరేషన్‌ తర్వాత మందులకంటూ ఏడాది దాకా తోడు వచ్చే ప్యాకేజీలూ ఉన్నాయి. కానీ ముందరి పదేళ్లకు, ఆ ఏడాది తర్వాతి జీవితానికి ఎవరు జవాబుదారీ?

బెలూన్‌ చికిత్సనే తీసుకోండి. జపాన్‌కు చెందిన డాక్టర్‌ కాంజి ఇనోవే 1982లో మొదటిసారి చేసిన పద్ధతి ఇది. తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, మూసుకుపోయిన మైట్రల్‌ కవాటంలో చిన్న బుడగను ఉబ్బిస్తారు. అతుక్కున్న అంచులు విడిపోతాయి. ఛాతీ కోయక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ కవాటం ఇంకా మెత్తగా ఉండాలి, బాగా లీకవుతూ ఉండకూడదు. ఆలస్యంగా వచ్చినవారికి ఆ అవకాశం దాటిపోతుంది. ఛాతీ తెరిచి కవాటం మార్చడమే మిగులుతుంది. ఒకే జబ్బు, ఒకే కార్డు... ముందొచ్చినవారికి బుడగ, ఆలస్యమైనవారికి కోత! తేడా అంతా గూడెంలో పోయిన కాలంలోనే ఉంది.

ఇరవయ్యొక్క రోజుల లెక్క

ఇక అసలు సూది సంగతి. ఒకసారి రుమాటిక్‌ జ్వరం వచ్చిందని తేలితే మళ్లీ రాకుండా బెంజథీన్‌ పెన్సిలిన్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు. మన దేశంలో సాధారణంగా ఇరవయ్యొక్క రోజులకోసారి. పెద్దపిల్లలకు 12 లక్షల యూనిట్లు, చిన్నవారికి 6 లక్షలు. గుండెకు ఏమీ కాకపోతే కనీసం అయిదేళ్లు. గుండె దెబ్బతింటే పదేళ్లో, పాతికేళ్ల వయసు వచ్చేదాకానో. జబ్బు తీవ్రంగా ఉంటే నలభై ఏళ్లు వచ్చేదాకా, ఒక్కోసారి జీవితాంతం. ఎన్నాళ్లన్నది డాక్టరే తేలుస్తారు.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 17 సూదులు. పదేళ్ల పిల్లకు మొదలుపెడితే పాతికేళ్లు వచ్చేసరికి 250కి పైగా! ప్రతి సూదికీ ఓ పూట కూలి పోతుంది. ఆ సూది నొప్పి కూడా అంతా ఇంతా కాదు. పిల్లకు ఒంట్లో బాధేమీ లేదు, ఆడుతోంది, పాడుతోంది. 'మంచిగున్న పిల్లకు సూదెందుకు?' అనే ప్రశ్న ఏ తల్లికైనా వస్తుంది. పైగా పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. దండారి పండక్కి ఊరు ఊరే కదిలి వెళ్తుంది. ఇరవయ్యొకటో రోజు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తుండదు. బిడ్డ పుట్టాక ఇరవయ్యొకటో రోజున బారసాల చేయడం మరచిపోని మన ఇళ్లలో, సూదికొచ్చే ఇరవయ్యొకటో రోజును గుర్తుచేసేవారే ఉండరు.

సమస్య కుటుంబాల వైపే ఉందనుకుంటే పొరపాటు. పెన్సిలిన్‌ పడక ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని చిన్న దవాఖానల్లో సూది వేయడానికే జంకుతారు. అలాంటి ప్రాణాపాయం చాలా అరుదు. ముందుగా పరీక్ష చేసి, విరుగుడు మందు చేతిలో ఉంచుకుంటే దాన్నీ ఎదుర్కోవచ్చు. మామూలు మందుల దుకాణాల్లో ఈ సూది అన్నివేళలా దొరకదు కూడా. లాభం తక్కువ, అడిగేవారూ తక్కువ. కవాటం బాగా దెబ్బతిని గుండె బలహీనంగా ఉన్నవారికి మాత్రం సూది బదులు పెన్సిలిన్‌ మాత్రలు మేలని 2022లో అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ సూచించింది. అందుకే ఎవరికి ఏది అన్నది చూసిన డాక్టరు చీటీ మీద స్పష్టంగా రాసివ్వాలి. 

ఆడపిల్ల అయితే...

కవాటం సందులా మిగిలిన అమ్మాయి పెళ్లి దాకా ఎలాగో నెట్టుకొస్తుంది. నెలలు నిండే కొద్దీ ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. అంత రక్తమూ ఆ ఇరుకు తలుపులోంచే పోవాలి. అప్పటిదాకా 'నీరసం' అనుకున్నది ఏడో నెలలోనో, కాన్పు గదిలోనో ఒక్కసారిగా ఊపిరాడని స్థితికి తెస్తుంది. గర్భిణికి బీపీ, రక్తహీనత చూస్తున్నట్టే మొదటిసారి వచ్చినప్పుడే గుండె చప్పుడూ వింటే చాలామందికి ఆ ఉపద్రవం తప్పుతుంది. ఆయాసాన్ని కడుపుతో ఉన్నవారికి మామూలేనని కొట్టిపారేయకూడదు.

కవాటం ముందే మార్చుకున్న అమ్మాయికి మరో చిక్కు. లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. కడుపులో బిడ్డ పడ్డ మొదటి నెలల్లో ఆ మాత్ర బిడ్డకు మంచిది కాదు. భయపడి సొంతంగా మానేస్తే కవాటంలో గడ్డ కట్టి తల్లికే ముప్పు. అందుకే బిడ్డ కావాలనుకున్న రోజునే డాక్టరుతో మాట్లాడాలి, నెల తప్పాక కాదు. జంతు కణజాలంతో చేసిన కవాటమైతే ఈ మాత్ర జీవితాంతం అక్కర్లేదు గానీ, చిన్నవయసు వారిలో అది త్వరగా అరిగిపోతుంది. మళ్లీ ఆపరేషన్‌ తప్పదు. ఈ మంచిచెడ్డలు ఆపరేషన్‌కు ముందే ఆ అమ్మాయికి ఆమె భాషలో చెప్పాలి. అత్తమామల సంతకం ఒక్కటే సరిపోదు.

ఆకుకూర కూడా లెక్కే

లోహపు కవాటం విషయంలో మన దేశం సాధించింది తక్కువేం కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ శాస్త్రవేత్తలు సొంతంగా కవాటం తయారుచేశారు. దాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. దిగుమతి కవాటాల కంటే ఎంతో చౌకైన ఆ 'చిత్ర' కవాటం ఆ తర్వాత లక్షమందికి పైగా గుండెల్లో కొట్టుకుంది.

కానీ కవాటం చౌకైనంత మాత్రాన కథ కంచికి చేరదు. ఎసిట్రోమ్‌, వార్ఫరిన్‌ లాంటి మాత్రలు రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మోతాదు తక్కువైతే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. ఎక్కువైతే రక్తస్రావం. అందుకే కనీసం నెలకోసారి ఐఎన్‌ఆర్‌ అనే రక్తపరీక్ష చేయించాలి. మైట్రల్‌ కవాటం మార్చినవారికి ఆ అంకె సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉండాలి. కొత్తరకం మాత్రలైతే ఈ పరీక్ష బెడద ఉండదు కదా అనిపిస్తుంది. కానీ లోహపు కవాటం ఉన్నవారికి అవి పనికిరావు. కవాటం మార్చకపోయినా, రుమాటిక్‌ జబ్బుతో గుండె లయ తప్పినవారికి పాత మాత్రే మేలని 2022లో వెలువడిన ఇన్విక్టస్‌ అధ్యయనం తేల్చింది.

గూడెంలో ఉండే మనిషికి ఈ పరీక్ష ఎక్కడ? ఒక చుక్క రక్తం కోసం పట్నం బస్సెక్కాలి. తిండీ లెక్కే. ఆకుకూరల్లోని కె విటమిన్‌ ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. తొలకరి పడ్డాక అడవి పక్కన ఎక్కడ చూసినా ఆకుకూరే. రోజూ అదే కూర. ఎండాకాలంలో కనిపించదు. మాత్ర మారకపోయినా రుతువు మారితే రక్తం తీరు మారిపోతుంది! ఆకుకూర మానేయమని దీనర్థం కాదు. వారంలో ఎంత తింటారో ఏడాది పొడవునా ఇంచుమించు అంతే తినాలి. ఇక ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ వేసే సూది, సొంతంగా కొనుక్కునే నొప్పి బిళ్లలు ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావొచ్చు. ఈ నాలుగు మాటలూ డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లిషులో ఉంటాయి. ఇంట్లో మాట్లాడేది గోండీ, కొలామీ, ఉర్దూ!

బడిలోనే పట్టుకోవచ్చు

జబ్బు వచ్చే వయసు ఏది? అయిదు నుంచి పదిహేను. ఆ వయసు పిల్లలు ఎక్కడుంటారు? ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, ఊరి బడుల్లో. ఒకే హాల్లో పదులమంది పడుకునే చోట గొంతు నొప్పి ఒకరి నుంచి ఒకరికి సులువుగా అంటుకుంటుంది. కానీ పిల్లలంతా ఒకేచోట దొరికేదీ అక్కడే. చుట్టూ ఇళ్లు వెతుక్కోవాల్సిన పని లేదు.

దీనికి కొత్తగా పథకం కూడా అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వెళ్లే సంచార బృందాలు గమనించాల్సిన జబ్బుల జాబితాలో రుమాటిక్‌ గుండెజబ్బు పేరుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్‌ నిర్మూలన మిషన్‌ గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వారి రక్తం పరీక్షిస్తోంది. ఆదిలాబాద్‌ గోండుల్లో సికిల్‌సెల్‌ ఎప్పటి నుంచో ఉన్న సమస్యే. అందులోనూ కీళ్లనొప్పులు ఉంటాయి, ఆయాసమూ ఉంటుంది. ఒకదాన్ని చూసి రెండోది అనుకునే ప్రమాదం ఎక్కువ. రక్తం తీసే బృందమే గుండె చప్పుడూ వింటే, అనుమానం ఉన్నవారికి ఎకో పరీక్ష చేయిస్తే రెండు జబ్బులూ విడివిడిగా తేలిపోతాయి.

ఎకో మాట ఎందుకంటే, స్టెతస్కోప్‌కు దొరకనివి దానికి దొరుకుతాయి. 2007లో కంబోడియా, మొజాంబిక్‌ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో చెవితో విన్నదానికి దాదాపు పదింతలు ఎక్కువమందిలో ఎకో ఈ జబ్బును పట్టింది. అలా తొలిదశలో దొరికిన పిల్లలకు సూది వేస్తే లాభమేంటి? ఉగాండాలో 818 మంది పిల్లల్ని రెండేళ్లు గమనించి చూశారు. నాలుగు వారాలకోసారి పెన్సిలిన్‌ తీసుకున్నవారిలో జబ్బు ముదిరింది నూటికి ఒక్కరిలోపే. తీసుకోనివారిలో నూటికి ఎనిమిది మంది!

తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో 'కంటి వెలుగు' శిబిరాలు ఊరూరికీ వచ్చాయి. కళ్లద్దాల కోసం అంతటి యంత్రాంగాన్ని కదిలించగలిగినప్పుడు, ఆశ్రమ పాఠశాలల పిల్లల గుండెల కోసం చేతిలో పట్టే ఎకో యంత్రాన్ని కదిలించడం అసాధ్యం కాదు.

దొరికిన పిల్లలు చేజారకుండా ఉండాలంటే కావాల్సింది ఓ రిజిస్టరు. ఆస్ట్రేలియాలోని నార్తర్న్‌ టెరిటరీ 1997లో అలాంటిదే పెట్టుకుంది. ఎవరికి సూది ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు వేయాలి, ఊరు మారితే ఎవరికి చెప్పాలి... అన్నీ అందులో ఉంటాయి. మన దగ్గర టీబీ రోగికి మందు ఆగితే ఇంటికి వెళ్లి అడిగేవారున్నారు. గర్భిణి నెలలు లెక్కపెట్టే ఆశా కార్యకర్త ఉంది. అదే పుస్తకంలో మరో పేజీ చాలు. రోగి సెలవుల్లో ఇంటికెళ్తే ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఓ ఫోన్‌. గోండుల్లో రాయిసెంటర్‌ పెద్దల మాటకు విలువుంది. సూది ఎందుకో వారి నోట గోండీలో చెప్పిస్తే వంద కరపత్రాలకు సమానం. ఐఎన్‌ఆర్‌కు కూడా చక్కెర పరీక్షలా వేలి చుక్కతో నిమిషాల్లో అంకె చెప్పే యంత్రాలొచ్చాయి. కవాటం మార్చుకున్నవారు ఉన్న ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక్కటిచ్చినా నెలనెలా పట్నం ప్రయాణం తప్పుతుంది.

ఇంట్లో ఇవి గమనించండి

• గొంతు నొప్పితో పాటు జ్వరం, మెడ దగ్గర గడ్డలు ఉండి, జలుబు, దగ్గు లేకపోతే డాక్టరుకు చూపించండి. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు సరైన మందు పడితే రుమాటిక్‌ జ్వరాన్ని ఆపొచ్చు. మందు పూర్తి కోర్సు వాడాలి.

• కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచినా, పిల్లల చేతులు వాటంతటవే వంకరలు తిరుగుతున్నా, రాత దెబ్బతిన్నా, ఆటలో తోటివారి కంటే ముందే ఆయాసపడుతున్నా గుండె పరీక్ష చేయించండి.

• పెన్సిలిన్‌ సూది మొదలుపెడితే ఇంట్లోని క్యాలెండర్‌లో ఏడాది తేదీలన్నీ ముందే చుట్టండి. సీసాను అరచేతుల్లో కాసేపు ఉంచి గది వేడికి తెచ్చి, మెల్లగా ఎక్కించమని అడగండి. నొప్పి తగ్గుతుంది.

• కవాటం మార్చుకున్నవారు ఆ సంగతి రాసిన కార్డును జేబులో పెట్టుకోవాలి. పళ్లు పీకించుకునే ముందు, ఏ కొత్త మందు వాడే ముందైనా దాన్ని చూపించాలి.

• ఆయాసం తగ్గిందని మాత్ర, ఒంట్లో బాగుందని సూది సొంతంగా ఆపొద్దు.

2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బును అరికట్టాలని తీర్మానం చేసింది. తీర్మానాలు జెనీవాలో అవుతాయి, ఆపరేషన్లు హైదరాబాద్‌లో అవుతాయి. జబ్బు ఆగేది మాత్రం గూడెంలోనే. లక్షల రూపాయల కవాటానికి ఇచ్చిన హామీని ఇరవయ్యొక్క రోజుల సూదికీ ఇస్తే, చాలామంది పిల్లలకు ఆ కవాటంతో పనే పడదు. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు ఓ ఆశ్రమ పాఠశాలలో హాజరు పట్టీ పక్కన సూది తేదీల పట్టీ కూడా వేలాడిన రోజు... అంతరం తగ్గడం మొదలైనట్టే!